మంచు లోయకు నడచిన పాదములు: సాధు సుందరసింగు జీవితము



పౌలు అపొస్తలుడు రోమా చెరసాలలోనుండి తిమోతికి వ్రాసిన రెండవ పత్రిక చివరి అధ్యాయములో ఒక చిన్న సంగతి యున్నది. త్రోయలో తాను విడిచి వచ్చిన పైవస్త్రమును వెంట తెచ్చిపెట్టవలెననియు, శీతకాలము ప్రవేశింపకమునుపే తనయొద్దకు చేరవలెననియు ఆయన ఆ యౌవనస్థుని కోరెను. కొరడాదెబ్బలకును రాళ్లదెబ్బలకును వెనుదీయని ఆ వృద్ధుడు చలిని మాత్రము తలచుకొనెను. ఇందులో సిగ్గుపడవలసినది ఏమియు లేదు. దేవుని సేవకునికి సహితము మనవంటి శరీరమే గలదు. ఆ శరీరమునకు చలి వేయును.

మన తెలుగు దేశపు చలి మనకు తెలిసినదే. హైదరాబాదుకు తూర్పున ఉప్పల్, నాచారము, ఏఎస్ రావు నగర్ ప్రాంతములలో జనవరి తెల్లవారుజామున ఉష్ణమానము పది డిగ్రీల దాపునకు దిగినచో ఆరాధనకు వచ్చువారు శాలువలు కప్పుకొని వచ్చెదరు. పల్లెలలో వీధి మొగదల చలిమంట వేసి చుట్టు కూర్చుండెదము. మన్యములోని లంబసింగిలో గడ్డిపరకలపై మంచు పేరుకొన్నదని వినినప్పుడు ఆశ్చర్యపడెదము. అయితే నెలల తరబడి నీళ్లు గడ్డకట్టి, దారులు మూతపడి, పొరుగు గ్రామము మొగము చూడ వీలుపడని లోయలు మన భారతదేశపు ఉత్తరపు అంచున కలవు. అట్టి లోయలకు కావలెనని మరల మరల నడిచిపోయిన ఒక మనుష్యుని జీవితమును ఈ నెల మన సంఘముల ధ్యానము కొరకు వ్రాయుచున్నాము. ఆయన సాధు సుందరసింగు. ఆయన పేరు ఎరుగని క్రైస్తవ గృహము మనలో అరుదు. అయితే ఆయననుగూర్చిన వింతలు తెలిసినంతగా ఆయన పడిన ప్రయాస మనకు తెలియదు. కాబట్టి ప్రయాసనుగూర్చియే ఎక్కువగా చెప్పదలచితిమి.

బాల్యము

సుందరసింగు 1889వ సంవత్సరము సెప్టెంబరు 3న పంజాబులో లూధియానా జిల్లా రాంపూరు గ్రామమున జన్మించెను. తండ్రి షేర్‌సింగు భూవసతి గల సిక్కు గృహస్థుడు. తల్లి మిక్కిలి భక్తిపరురాలు. తన చిన్న కుమారుడు లోకాశలు విడిచి సాధువు కావలెనని ఆమె కోరెడిది. ఆ బాలునికి పదునాలుగేండ్లు వచ్చునప్పటికి ఆ తల్లి కన్నుమూసెను. అన్నియు ఇచ్చిన దేవుడు అమ్మను ఏల తీసికొనెనని వాని హృదయము చేదైపోయెను. ఆ ఊరి మిషను పాఠశాలలో క్రొత్త నిబంధన చదివించుచుండగా వాడు దానిపై పగబట్టెను. 1904 డిసెంబరులో తన యింటి ముంగిట సువార్త పుస్తకమును చించి కాల్చివేసెను.

కాల్చినందున శాంతి కలుగలేదు. మూడవ దినమున, అనగా డిసెంబరు 18న, తెల్లవారకమునుపే లేచి స్నానము చేసి, నిజమైన దేవుడున్నచో తనకు కనబడవలెనని ప్రార్థించెను. కనబడనిచో తెల్లవారుజామున ఊరి ప్రక్కగా పోవు రైలుబండి క్రింద తల పెట్టవలెనని నిశ్చయించుకొనెను. ఆ గదిలో వెలుగు నిండెననియు, తాను ఎదురుచూడని యేసుక్రీస్తే తనకు ప్రత్యక్షమాయెననియు ఆయన జీవితాంతము సాక్ష్యమిచ్చెను. దమస్కు మార్గమున సౌలునకు జరిగిన దానితో దీనిని పోల్చుకొన్నవారు అనేకులు. ఆ దర్శనమును కొలుచు కొలబద్ద మనయొద్ద లేదు. దాని ఫలమును మాత్రము చూడగలము. ఆ ఉదయము రైలుపట్టాలకు పోవలసిన బాలుడు ఆ తరువాత ఇరువదినాలుగేండ్లు ఇతరుల ప్రాణముల కొరకు నడిచెను.

ఇంటివారు బ్రతిమాలిరి, బెదిరించిరి, కడకు ఇల్లు వెడలగొట్టిరి. ఆ దినము తనకు పెట్టిన భోజనములో విషము కలిపిరని ఆయన తరువాత చెప్పుచుండెను. 1905 సెప్టెంబరు 3న, తనకు పదునారేండ్లు నిండిన దినముననే, సిమ్లాలో బాప్తిస్మము పొందెను. నెల గడచిన తరువాత కాషాయవస్త్రము ధరించెను. ఒక గుడ్డ, ఒక కంబళి, ఒక క్రొత్త నిబంధన, ఇవే ఆయన ఆస్తి. కాళ్లకు చెప్పులు లేవు. పరదేశపు పాత్రలో పోసిన నీళ్లు త్రాగుటకు సంకోచించు మన దేశస్థులకు, మన దేశపు పాత్రలోనే జీవజలము అందింపవలెనన్నది ఆయన ఆలోచన.

కోట్‌గఢ్ నుండి పూ వరకు

సిమ్లా కొండలకు ఆవల, టిబెట్టుకు పోవు పాత బాటపైన, ఆరు వేల అడుగులకు మించిన ఎత్తున కోట్‌గఢ్ అను ఊరు కలదు. 1906వ సంవత్సర ప్రాంతమున అమెరికా దేశస్థుడైన సామ్యుయేల్ స్టోక్స్ అను యౌవనస్థునితో కలిసి సుందరసింగు అక్కడ పనిచేసెను. ధనవంతుల యింట పుట్టిన స్టోక్స్ దొరతనము విడిచి కొండవారి మధ్య బీదవానిగా బ్రతుకుచుండెను. వారిద్దరు సబాథులో కుష్ఠరోగుల గాయములు కడిగిరి. లాహోరు దాపున ప్లేగు శిబిరములో రోగులకు పరిచర్య చేసిరి. కొండ బోధకు పోకమునుపు సుందరసింగు ఈ పాఠశాలలో చదివెను. మాటలాడు నోరు కంటె ముందు గాయము కడుగు చేయి సిద్ధపడెను.

1908లో, పందొమ్మిదేండ్ల ప్రాయమున, ఆయన తొలిసారి టిబెట్టు వైపు సాగెను. సట్లెజ్ నది లోయ వెంబడి కోట్‌గఢ్ దాటి పోను పోను చెట్లు పలుచబడును, కొండలు బోడిబారును, గాలి పదునెక్కును. అట్లు ఎన్నో దినములు నడచిన తరువాత, దాదాపు 9,000 అడుగుల ఎత్తున, పూ అను చిన్న ఊరు వచ్చును. ఇప్పుడది హిమాచల ప్రదేశ్‌లోని కిన్నౌర్ జిల్లాలో చేరియున్నది. రాతిగోడలు, మట్టి మిద్దెలు, యవల చేలు, ఆప్రికాట్ చెట్లు గల ఊరు అది. వేసవిలో పచ్చగా కనబడు ఆ ఊరు శీతకాలమున కొండ మధ్య బంధింపబడును. మంచు కురిసినప్పుడు మనుష్యులును పశువులును ఇంటిపట్టుననే యుండవలెను. అక్కడివారు టిబెట్టు భాషను పోలిన భాష మాటలాడుచు, బౌద్ధ లామాలను గౌరవించుచు జీవించిరి.

అంత దూరము నడచిపోయిన సుందరసింగునకు అక్కడ క్రీస్తు నామము క్రొత్తగా చెప్పవలసిన పని లేకపోయెను. ఆయన పుట్టకమునుపే, 1865లో, మొరేవియన్ సంఘమువారు ఆ ఊరిలో మిషను స్థాపించియుండిరి. ఆ సంఘము వారినిగూర్చి రెండు మాటలు చెప్పక మానలేము.

జర్మనీ దేశములోని హెర్న్‌హూట్ అను చిన్న గ్రామమునుండి బయలుదేరిన మొరేవియన్ సహోదరులు మంగోలియా దేశమునకు పోవలెనని తలంచిరి. రష్యా మీదుగా దారి దొరకలేదు. హిందూదేశము మీదుగా టిబెట్టు దాటి పోవ ప్రయత్నించిరి, సరిహద్దు దాటనీయలేదు. తలుపు మూసియున్నందున వారు తిరిగి ఇంటికి పోలేదు. ఆ తలుపు గడపమీదనే కూర్చుండిరి. 1856లో లాహుల్ లోయలోని కేలాంగు అను ఊరిలో ఇల్లు కట్టుకొనిరి. అక్కడినుండి వచ్చిన పాగెల్ అను సేవకుడు పూలో మిషను ప్రారంభించెను. పద్దెనిమిదేండ్లు అక్కడ పనిచేసి, 1883లో ఆయనయు ఆయన భార్యయు అక్కడనే నిద్రించిరి.

కేలాంగులో హైడె దంపతులు దాదాపు నలుబదియేండ్లు కాపురముండిరి. ఆ లోయవారికి బంగాళదుంపల సాగును పరిచయము చేసినది వారేనని చెప్పుదురు. మిషనరీల భార్యలు అక్కడి స్త్రీలకు ఉన్ని మేజోళ్లు అల్లుట నేర్పిరి. ఆ విద్య లాహుల్ స్త్రీల చేతులలో నేటికిని నిలిచియున్నది. యెష్కె అను పండితుడు టిబెట్టు భాష నేర్చి, నిఘంటువు కూర్చి, క్రొత్త నిబంధనను తర్జుమా చేయ పూనుకొనెను. రోగముచేత 1868లో తిరిగి పోయినను పని విడువలేదు. నిఘంటువు 1881లో వెలువడెను. 1883లో ఆయన మరణించెను. ఆయన పూనుకొన్న క్రొత్త నిబంధన 1885లో అచ్చుపడెను. దానిని ఆయన కన్ను చూడలేదు. లేహు పట్టణములో యోసేబు గెర్గన్ అను దేశీయ క్రైస్తవుడు పాత నిబంధన తర్జుమా కొరకు సంవత్సరముల తరబడి శ్రమించి 1946లో మరణించెను. సంపూర్ణ టిబెట్టు బైబిలు 1948లో వెలువడెను. ఒకడు విత్తుచుండగా మరియొకడు కోయునని ప్రభువు సమరయలో బావియొద్ద శిష్యులకు చెప్పిన సంగతి, యోహాను నాలుగవ అధ్యాయములోనిది, ఆ లోయలలో అక్షరాల నెరవేరెను.

ఈ సహోదరులు కాషాయము ధరించిన ఆ పంజాబు యౌవనస్థుని సంతోషముతో చేర్చుకొనిరి. ఆయనకు టిబెట్టు భాష తెలియదు. వారు తమ పనివారిలో ఒకనిని తోడుగా ఇచ్చి పంపిరి. ఏకాంతముగా సంచరించు వీరునిగా సుందరసింగును ఊహించుకొనుట మనకు అలవాటు. నిజమునకు ఆయన నడిచిన బాటను అర్ధశతాబ్దము ముందునుండియే ఇతరులు మోకాళ్లపై సిద్ధపరచియుండిరి.

చలిలో పరిచర్య

పూ దాటిన తరువాత దారి ఇంకను కఠినమాయెను. పదునైదు వేల అడుగులకు మించిన కనుమలలో ఊపిరి ఆడదు. గుండె చప్పుడు చెవులలో వినబడును. భోజనము వేయించిన యవల పిండి. పానీయము ఉప్పును వెన్నయు కలిపిన టీ. అన్నము, పప్పు, రొట్టె ఎరిగిన నాలుకకు అది మ్రింగుడు పడుట కష్టము. చలి బాధచేత అక్కడివారు స్నానము చేయరు. ఆయన ఏటి నీళ్లలో స్నానము చేయుట చూచి, పరిశుద్ధుడైనవాడు స్నానము చేయునా యని కొందరు ఆయనను అనుమానించిరట. మన పల్లెలలో స్నానము చేయనివానిని భక్తుడనము. అక్కడ చేసినవానిని భక్తుడనలేదు. మన ఆచారమే దేవుని ఆజ్ఞయని తలంచువారికి ఇది మంచి పాఠము.

కొన్నిచోట్ల లామాలు ఆయనను ఆదరించి మాటలాడనిచ్చిరి. కొన్నిచోట్ల తరిమివేసిరి. మంచు కరగిన తరువాత పోయి, మంచు కురియకమునుపు తిరిగి వచ్చుట ఆయన క్రమమాయెను. మిగిలిన మాసములలో ఉత్తర దేశమంతట నడచి బోధించెను. రాళ్లు కోసిన ఆ పాదములను చూచి జనులు ఆయనను రక్తపాదముల అపొస్తలుడని పిలువసాగిరి.

ఆయన తానే చెప్పిన ఒక సంగతి మన సంఘములలో మిక్కిలి ప్రసిద్ధము. మంచు తుపానులో ఒక టిబెట్టు మనుష్యునితో కలిసి కనుమ దాటుచుండగా, బాట క్రింద ఒకడు జారిపడి మంచులో కొనప్రాణముతో ఉండుట చూచిరి. ఆగినచో మనమును చత్తుమని ఆ తోటి బాటసారి ముందుకు పోయెను. సుందరసింగు దిగిపోయి పడినవానిని వీపున వేసికొని ఎక్కెను. మోయు శ్రమచేత ఆయన దేహము వేడెక్కెను, ఆ వేడిమి వీపుపైనున్నవానికి తగిలెను, ఇద్దరును బ్రదికిరి. ఊరు కనబడు దూరమున, ముందుగా పోయినవాడు మంచులో బిగిసి చచ్చిపడియుండెను.

దీనిని మంచి సమరయుని ఉపమానముతో కలిపి మనము బోధించెదము, అది సరియే. అయితే ప్రసంగి గ్రంథము నాలుగవ అధ్యాయము పదకొండవ వచనమును కూడ చదువవలెనని కోరుచున్నాము. ఇద్దరు కలిసి పండుకొన్నచో వెచ్చదనము కలుగుననియు, ఒంటరివానికి అది ఎట్లు కలుగుననియు ఆ జ్ఞాని అడుగుచున్నాడు. పొరుగువానిని మోయుట మనము అతనికి చేయు ఉపకారమని తలంచుచున్నాము. మోసినవాడును దానిచేతనే బ్రదికెనని ఈ సంగతి చెప్పుచున్నది. సంఘములో బలహీనుని బరువనుకొని విడిచి వడివడిగా పోవువాడు త్వరగా చేరడు, త్వరగా చల్లబడును.

కీర్తియు సందేహములును

1909 చివరను ఆయన లాహోరులోని దైవశాస్త్ర కళాశాలలో చేరి కొన్ని నెలలు చదివెను. బోధించుటకు అనుమతిపత్రము దొరికెను. అయితే దానిచే ఒక్క సంఘమునకే పరిమితుడు కావలసి యుండగా, దానిని తిరిగి ఇచ్చివేసెను. 1918లో దక్షిణ దేశమునకు వచ్చి మద్రాసులోను తిరువాన్కూరులోను సింహళములోను వేలాది జనులకు బోధించెను. తరువాత బర్మా, చైనా, జపాను దేశములు చూచెను. 1920లో ఇంగ్లాండు, అమెరికా, ఆస్ట్రేలియా దేశములకును, 1922లో పాలస్తీనాకును ఐరోపా దేశములకును పోయెను. ఇంటినుండి వెడలగొట్టిన తండ్రి షేర్‌సింగు అప్పటికి తానే క్రీస్తును అంగీకరించి, పడమటి దేశములకు పోవు ఓడ ఖర్చును కుమారునికి ఇచ్చెను. తప్పిపోయిన కుమారుని కథ ఇచ్చట తలక్రిందైనది. ఈసారి తండ్రియే తిరిగి వచ్చెను.

కీర్తి వచ్చినచోట పరీక్షయు వచ్చును. ఐరోపాలో కొందరు పండితులు ఆయన చెప్పిన అద్భుత సంగతులను శోధించి, వాటికి సాక్ష్యము దొరకలేదని వ్రాసిరి. మరికొందరు ఆయన పక్షమున గ్రంథములు వ్రాసిరి. ఈ వాదమును దాచుట మన సంఘములకు మేలు కాదని తలంచుచున్నాము. మన కూటములలో ఆయన పేరట చెప్పబడు వింతలు సంవత్సర సంవత్సరమునకు పెరుగుచున్నవి. ఒక బోధకుడు చెప్పినదానికి మరియొకడు చేర్చును. విన్న యౌవనస్థుడు పట్టణమునకు పోయి చదువుకొని, అందులో ఒకటి నిలువదని తెలిసికొన్నప్పుడు, దానితోకూడ సువార్తనే విడిచివేయును. ఇట్టి నష్టము చిన్నది కాదు.

బాప్తిస్మమిచ్చు యోహాను ఒక్క సూచకక్రియయైనను చేయలేదనియు, ఆయన క్రీస్తునుగూర్చి చెప్పినదంతయు సత్యమేననియు జనులు ఒప్పుకొనినట్లు యోహాను సువార్త పదియవ అధ్యాయము చివరను వ్రాయబడియున్నది. సుందరసింగు విషయములో సందేహింప వీలులేనివి చాలును. ఆయన నడిచెను. చలిని ఓర్చుకొనెను. ధనము చేకూర్చుకొనలేదు. లోకమంతయు పొగడిన తరువాతను ఆ కొండలనే కోరెను. ఈ నాలుగు మాటలకు మనము ఏమియు చేర్చ నక్కరలేదు.

చివరి ప్రయాణము

1920ల నడుమ ఆయన దేహము క్షీణించెను. గుండె బలహీనమాయెను; కండ్లు మసకబారెను. 1923లో టిబెట్టు సరిహద్దున ఆయనను వెనుకకు పంపివేసిరి. 1927లో బయలుదేరి రక్తము కక్కుకొని తిరిగి వచ్చెను. సబాథులోని తన యింట వ్రాతపనిలో యుండుమని స్నేహితులు బ్రతిమాలిరి. అక్కడినుండి చిన్న గ్రంథములు కొన్ని వ్రాసెను. అయినను 1929 ఏప్రిల్ 18న, నలుబదియేండ్లయినను నిండక, ఆయన మరల టిబెట్టునకు బయలుదేరెను. తిరిగి రాగలనో లేదో యని స్నేహితులకు ఉత్తరము వ్రాసి పెట్టి పోయెను. వేసవి గడచెను. ఆయన రాలేదు. మిత్రులైన మిషనరీలు కొండదారులు పట్టి వెదకిరి. జాడ దొరకలేదు. 1933లో ప్రభుత్వము ఆయన మృతుడైనట్లు ఎంచెను. ఆయనకు సమాధి లేదు. మోషే సమాధి నేటివరకు ఎవరికిని తెలియదని ద్వితీయోపదేశకాండము ముగింపులో చదువుచున్నాము. దేవునికి తెలిసినది చాలును.

మనకు పాఠము

మనము ఫలమును తలలు లెక్కించి చూచెదము. ఈ సంవత్సరము బాప్తిస్మములు ఎన్ని, కానుక ఎంత, అని అడిగెదము. ఆ లెక్క ప్రకారము పూ మిషను నష్టమే. అనేక సంవత్సరముల ప్రయాసకు అక్కడ చేరినవారు కొద్దిమందియే; ఆ మిషను తరువాత మూతపడెను. సుందరసింగు టిబెట్టులో స్థాపించిన సంఘమని చూపుటకు ఏదియు లేదు. అయినను, ఆ కొద్దిమంది మధ్య నిలిచినవారి ఓర్పు లేనిదే ఆ భాషలో బైబిలు లేదు. ఆ సాధువు అడుగుజాడలు చూచి సేవకు లేచినవారు మన దేశమందంతట కలరు.

మన సంఘములలో చిన్నవి ఎన్నో కలవు. పది కుటుంబములతో, కారుచున్న కప్పు క్రింద, ఇరువదియేండ్లుగా పెరుగక తరుగక ఉన్నవి. అట్టి సంఘమునకు కాపరిగా ఉండుటకు యౌవనస్థులు ఇష్టపడుట లేదు. పెద్ద పట్టణములో పెద్ద మందిరమే దేవుని పిలుపని తలంచుచున్నారు. ఆ చిన్న సంఘముల పెద్దలకు మేము చెప్పగోరునది ఇది: మీరు కాచుకొనియున్న గడప వ్యర్థము కాదు. పాగెల్ పద్దెనిమిదేండ్లు గడపమీద కూర్చుండెను. ఆ తరువాత ఇరువదియైదేండ్లకు ఆ గడప తొక్కి సుందరసింగు ముందుకు పోయెను. ఎవనికొరకు మీరు దీపము వెలిగించి యుంచుచున్నారో మీకు తెలియదు.

నేడు దారులు మారినవి. శీతకాలమంతయు లోకమునకు దూరమైపోవు లాహుల్ లోయకు 2020 అక్టోబరులో రోహ్తాంగు కనుమ క్రింద తొమ్మిది కిలోమీటర్ల సొరంగము తెరచిరి. ఇప్పుడు కేలాంగునకు మంచు కాలములోను బండిపై పోవచ్చును. మన తెలుగు బిడ్డలు సైన్యములోను, రోడ్డు పనులలోను, ఉపాధ్యాయులుగాను, సేవకులుగాను ఆ చలి దేశములలో ఉన్నారు. వారి పేర్లు మీ సంఘపు ప్రార్థన పట్టికలో ఉన్నవా? పౌలు తన పైవస్త్రము కొరకు తిమోతికి వ్రాయవలసి వచ్చెను. అడుగకమునుపే పంపు సంఘము ధన్యమైనది.

హిమాలయమునకు పోలేనివారికి కూడ లోయ కలదు. ఊరి చివర గుడిసెలో ఒంటరిగా దగ్గుచున్న ముదుసలి, మన్యములో దుప్పటి లేని బిడ్డ, పగపట్టి పదేండ్లుగా మాటలాడని అన్నదమ్ములు, వీరందరును మంచులో పడియున్నవారే. వారియొద్దకు పోవు దారి పొడవైనది కాదు; మనస్సు చల్లబడినందున పొడవుగా కనబడుచున్నది. శీతకాలము ప్రవేశింపకమునుపే పోవుదము. మోయగలిగినంత మోయుదము. మోసినవారికి వెచ్చదనము కలుగజేయు ప్రభువు మన సంఘములన్నిటికిని తోడైయుండునుగాక. ఆమేన్.